అద్దాల పెట్టెలో లారీ

చిన్నసారు తన చేతులతో ఏదైనా మోసుకురావడం షెడ్డులో ఎవరూ ఏనాడూ చూడలేదు. అందుకే సోమవారం పొద్దున ఆయన ఒక పాత అట్టపెట్టెని పొట్టకానించుకుని, కాళ్ళ కిందేముందో కనపడక పక్కకి వంగి వంగి చూసుకుంటూ, నూనె మడుగులు దాటుకుంటూ వస్తుంటే ఎవరి చేతిలో పానా అక్కడే ఆగిపోయింది.

"మేస్త్రి ఎక్కడ?"

మేస్త్రి కుళాయి దగ్గర చేతులు తోముకుంటున్నాడు. పక్కన పదిహేడో నంబరు లారీ డ్రైవరు ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఆ డ్రైవరు అసలు పేరు అతని లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. రహస్యం చెప్పినా గేటు దాకా వినపడే గొంతు కనక అందరికీ అతను హారన్.

చిన్నసారు పెట్టెని పనిబల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల పాత తువ్వాలులో చుట్టి ఒక బొమ్మ లారీ ఉంది. మూరెడు పొడుగు. తెల్లటి క్యాబిను చుట్ట పొగకి మాగినట్టు పసుపెక్కింది. టైర్లు నెర్రెలిచ్చాయి. దాంతో పాటు, లాగి పొడుగు చేసుకునే ఏరియల్ ఉన్న రిమోటు పెట్టె, దాని మీద వేలితో తోసే రెండు పుల్లలు.

"రేడియోతో నడిచేది. నాన్న కొన్నారు నాకు, పదేళ్ళప్పుడు," అన్నాడు చిన్నసారు. యాభై దాటిన మనిషి, పెద్దసారు పోయి ఆరేళ్ళయినా షెడ్డుకి చిన్నసారే. "కొత్త ఆఫీసు హాల్లో అద్దాల పెట్టె చేయించాను. ఆదివారం ప్రారంభోత్సవం. గుమ్మంలో అడుగుపెట్టగానే కనపడాలి. ఇంత సన్నపని నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు మేస్త్రీ."

"నడవాలా సార్, ఊరికే చూడ్డానికా?"

"చూడ్డానికే," అన్నాడాయన. క్షణం ఆగి, "నడిస్తే మాత్రం..." అని నవ్వాడు.

హారన్ మేస్త్రి మోచేతిని వేలితో పొడిచాడు. మేస్త్రి తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"సార్, పదిహేడుకి వెనక ఎడమ చక్రం బ్రేకు లైనింగు అరిగిపోయింది. రివెట్లు తేలాయి. రెండుసార్లు రాసిచ్చాను, స్టోర్ నుంచి రాలేదు."

"ప్రారంభోత్సవం హడావిడిలో అందరూ ఉన్నారు. ఈ వారం గడవనీ," అన్నాడు చిన్నసారు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "నీకు ఈ బొమ్మకి ఏం కావాలన్నా నాకే ఫోన్ చెయ్యి. స్టోర్ చుట్టూ తిరగొద్దు. పాత బ్యాటరీల గది ఖాళీ చేయిస్తాను, వెలుతురుంటుంది. లారీలు కుర్రాళ్ళు చూసుకుంటారు. చీటీల మీద సంతకాలకి మాత్రం నీ దగ్గరికే వస్తారు."

ఆ కంపెనీలో ఇరవై నాలుగు లారీలు. ఏది గేటు దాటాలన్నా బయల్దేరే చీటీ మీద మేస్త్రి సంతకం ఉండాలి. అది పెద్దసారు పెట్టిన పద్ధతి.

చిన్నసారు వెళ్ళాక హారన్ బొమ్మ మీదికి వంగి కళ్ళు చికిలించాడు. "దీనికి బ్రేకులున్నాయా మేస్త్రీ?"

"లేవు."

"మరింకేం, మా బండి బుల్లి తమ్ముడే."

షెడ్డంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నమే మూడోసారి లైనింగుకి చీటీ రాసి పంపాడు.

బ్యాటరీల గదికి తూర్పు కిటికీ ఉంది. మేస్త్రి బల్ల మీద తెల్లకాగితం పరిచి, విప్పిన ప్రతి మరనీ వరసలో పెట్టి, దేని పక్కన దానికి పెన్సిలుతో గుర్తు రాసుకున్నాడు. కొన్ని మరలు బియ్యపు గింజంత ఉన్నాయి. లారీ నట్లకి అలవాటుపడ్డ వేళ్ళు మొదటిరోజు వాటిని పట్టుకోలేక పట్టుకోలేక, మంగళవారం సాయంత్రానికి దారికొచ్చాయి.

లోపలి బ్యాటరీలు ఎప్పుడో కారి, రాగి రేకుల మీద పచ్చగా తెల్లగా పొలుసు కట్టింది. వెనిగర్లో ముంచిన దూదితో అద్ది అద్ది తీశాడు. గేర్ల మీద గ్రీజు జిగురులా బిగుసుకుపోయింది. కిరసనాయిలులో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో ఒక్కో పన్నూ తోమి, కుట్టుమిషన్ నూనె చుక్క వేశాడు. మోటారు విప్పి, లోపల తిరిగే రాగి కప్పు మీద మసి సన్నటి ఎమరీ కాగితంతో తుడిచాడు. క్యాబినుకి పెరాక్సైడు పూసి, మెరుపు కాగితంలో చుట్టి, కిటికీలో ఎండకి పెట్టి, గంటకోసారి తిప్పాడు. బుధవారం మధ్యాహ్నానికి పసుపు వదిలి, అడుగున దాక్కున్న తెలుపు బయటికొచ్చింది.

గదిలో ఎవరూ అతన్ని కేకేయలేదు. ఏ లారీ కిందా వెల్లకిలా పడుకోనక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను బాగుచేసింది ప్రతిదీ పది రోజులకి బురద కొట్టుకుని, ఇంకోచోట విరిగి, మళ్ళీ అతని ముందుకే వచ్చి నిలబడింది. ఇది మాత్రం చేసింది చేసినట్టే ఉంటోంది. ఆ రాత్రి అన్నం తింటూ ఏదో కూనిరాగం తీస్తుంటే భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటి, పదవి పెంచారా?"

"బొమ్మ ఇచ్చారు."

"ఈ వయసులోనా," అంది ఆవిడ. ఆవిడ కూడా నవ్వింది.

రోజూ మధ్యాహ్నం చిన్నసారు వచ్చి తిరగేసిన బ్యాటరీ పెట్టె మీద కూర్చునేవాడు. ఇస్త్రీ చొక్కాకి మసి అంటుతున్నా పట్టించుకోలేదు. ఒకరోజు ఇరుసు మీద ఉబ్బెత్తుగా ఉన్న పాత అతుకుని వేలితో తడిమాడు.

"ఇది నాన్న వేసిందే. ఆయనకి తెలీకుండా బీరువా మీంచి తీసి నడిపి గోడకి కొట్టాను. తిట్టలేదు మేస్త్రీ. కూర్చుని అతుకేసి, మళ్ళీ బీరువా పైన పెట్టేశారు. ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన దింపలేదు."

మేస్త్రి ఆ అతుకుని సానబట్టకుండా అలాగే వదిలేశాడు.

టైర్లు మాత్రం పనికిరావని తేల్చేశాడు. సోమవారమే ఫోన్ చేసి చెబితే, పాత బొమ్మలు దాచుకునే మనిషిని చిన్నసారు సముద్రం అవతల ఎక్కడో వెతికి పట్టుకున్నాడు. గురువారం మధ్యాహ్నానికి పార్శిలు వచ్చేసింది. ఆరు టైర్లు, ఒక్కోటి ఒక్కో పత్తి పొరలో.

మేస్త్రి వాటిని విప్పుతుండగా హారన్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో లైనింగు చీటీ. దాని మీద స్టోర్ గుమస్తా ఎర్రసిరాతో 'వచ్చే వారం' అని రాశాడు.

హారన్ ఒక టైరు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. వాసన చూశాడు. "కొత్త రబ్బరు," అన్నాడు. "ఎప్పుడు చెప్పావ్ దీనికి?"

"సోమవారం."

"మూడ్రోజులా!" టైరుని జాగ్రత్తగా పత్తిలో పెట్టేశాడు. "నన్ను ఈ బండికి వేయించరాదూ మేస్త్రీ? అద్దాల పెట్టెలో కూర్చుంటాను. ఎండ తగలదు, వాన తగలదు."

"మళ్ళీ అడుగుతాన్లే లైనింగు సంగతి," అన్నాడు మేస్త్రి. అడగాలనే అనుకున్నాడు. మర్నాడు చిన్నసారు వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఆ సంతోషం చూసి, ఇంకాసేపాగి అడుగుదామనుకున్నాడు. ఇంకాసేపటికి ఆయన వెళ్ళిపోయాడు.

శుక్రవారం మూడు గంటలకి మేస్త్రి బొమ్మ తలుపు మీద కంపెనీ పేరు రాస్తున్నాడు. మూడు వెంట్రుకలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించిన కుంచె. ఊపిరి బిగబట్టి ఒక గీత, వదిలి ఇంకో గీత. ఎర్రరంగు నిమిషంలో ఆరిపోయే రకం. అక్షరం మధ్యలో చెయ్యి తీస్తే అంచు గట్టుకట్టి మళ్ళీ కలవదు.

గుమస్తా చీటీల అట్ట పట్టుకుని వచ్చాడు. "మేస్త్రిగారూ, పదిహేడు. సిమెంటు లోడు, కొండ దారి. అర్జంటు."

"లైనింగు వేశారా?"

"స్టాకు రాలేదు. ఉన్నదాన్నే కుర్రాళ్ళు దగ్గరికి బిగించారట. ఆగుతోందట."

"ఎవరు చూశారు?"

"మీరే చూడాలి మరి," అన్నాడు గుమస్తా.

కిటికీలోంచి పదిహేడు వెనక భాగం కనపడుతోంది. మధ్యలో జాగా నలభై అడుగులు ఉంటుందేమో. ఇంజను తిరుగుతోంది. హారన్ రెండుసార్లు హారన్ కొట్టాడు, తొందరగా రానీ అన్నట్టు. మేస్త్రి కుంచె కొన మీద ఎర్రచుక్క వణికింది. అక్షరం సగంలో ఉంది.

"బిగించారన్నావుగా."

"అన్నారు."

మేస్త్రి కుడిచేతిలో కుంచె అలాగే ఉంచుకుని, ఎడం చేత్తో పెన్ను తీసుకుని, అట్ట మీద వంకరగా సంతకం గీశాడు. గుమస్తా వెళ్ళిపోయాడు. కాసేపటికి పదిహేడు గేటు దాటిన చప్పుడైంది. అప్పటికి మేస్త్రి అక్షరం పూర్తిచేసి, దాన్ని దూరంగా పెట్టి చూసుకుంటున్నాడు. గట్టు కట్టలేదు. అచ్చు వేసినట్టు ఉంది.

శనివారం పదకొండింటికి బొమ్మ లారీ నేల మీద నిలబడింది. షెడ్డు మధ్యలో నేల ఊడ్పించారు. చిన్నసారు రిమోటు చేతిలోకి తీసుకుని, ఏరియల్ పొడుగ్గా లాగి, మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి తలూపాడు.

లారీ సన్నగా గుర్రుమని, ఒక్క కుదుపుతో కదిలింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. చిన్నసారు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తన బూట్ల మధ్యనుంచి పోనిచ్చి, గట్టిగా నవ్వాడు. రిమోటు మేస్త్రి చేతిలో పెట్టి, "నువ్వూ నడుపు," అన్నాడు. మేస్త్రి పుల్లని బొటనవేలితో ముందుకి తోశాడు. అది పరిగెత్తింది. వదిలాడు. ఆగింది. ఎంత చక్కగా ఆగిందంటే, మళ్ళీ తోసి మళ్ళీ వదిలాడు.

అప్పుడు ఆఫీసు కిటికీలోంచి మేనేజరు చెయ్యూపుతూ కేకేశాడు. చిన్నసారు వెళ్ళి ఫోన్ తీసుకున్నాడు. అవతలి మాటలు వింటూ ఆయన భుజాలు దిగిపోవడం కింద నుంచే కనపడింది.

తెల్లవారుతుండగా పదిహేడు కొండ దిగుతుంటే బ్రేకు పట్టలేదు. మలుపు కింద బస్సు కోసం నిలబడ్డ జనం ఉన్నారు. హారన్ లారీని కొండవైపుకి తిప్పి రాతికి గుద్దాడు. జనంలో ఎవరికీ ఏమీ కాలేదు. క్యాబిను నుజ్జయింది. ఆసుపత్రిలో హారన్ కుడికాలు మోకాలి కింద తీసేశారు.

మేస్త్రి చేతిలో రిమోటు ఇంకా అలాగే ఉంది. కుర్రాళ్ళలో ఒకడు వచ్చి దాన్ని మెల్లగా తీసుకున్నాడు.

ప్రారంభోత్సవం ఆగలేదు. పిలుపులు వెళ్ళిపోయాయి, వచ్చేవాళ్ళు వచ్చేస్తున్నారు. ఆదివారం పొద్దున మేస్త్రి కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. రమ్మన్నారు కనక వెళ్ళాడు. హాలు మధ్యలో అద్దాల పెట్టె, లోపల పైనుంచి పడే వెలుతురు. బొమ్మ మెరిసిపోతోంది. వచ్చినవాళ్ళు వంగి తలుపు మీద అక్షరాలు చదివి, "చేత్తో రాసిందే!" అని ముక్కున వేలేసుకుంటున్నారు. చిన్నసారు మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి నలుగురికీ చూపించాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆయన కళ్ళ కింద నలుపు. ఆయన కూడా నిద్రపోలేదని మేస్త్రికి అర్థమైంది.

జనం పలచబడ్డాక మేనేజరు పక్కగదిలోకి పిలిచి ఒక టైపు కాగితం ఇచ్చాడు. చిన్నసారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"రేపు పదింటికి విచారణకి ఆఫీసరొస్తున్నాడు," అన్నాడు మేనేజరు. "ఇది నీ వాంగ్మూలం. చదివి సంతకం పెట్టెయ్యి."

వాహనాన్ని తాను స్వయంగా తనిఖీ చేసినట్టు, బ్రేకులు సక్రమంగా ఉన్నట్టు, డ్రైవరుకి అతివేగం అలవాటని తనకి తెలిసినట్టు అందులో ఉంది.

"హారన్ అతివేగం వెళ్ళడు సార్."

చిన్నసారు ఇటు తిరిగాడు. "మేస్త్రీ, బ్రేకు బాగోలేదంటే ముందు అడిగేది నిన్నే. చీటీ మీద సంతకం నీది. దీంతో నీకూ ఇబ్బంది లేదు, కంపెనీకీ లేదు."

"అతనికి?"

"అతన్ని మనం చూసుకోమా? నేను లేనా?" ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

"చదువుకుని రేపు పొద్దున్నే తెస్తాను," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో నాలుగు నుంచి ఆరింటిదాకా చూడనిస్తారు. హారన్ మంచం గోడవారగా ఉంది. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. మేస్త్రి అటు చూడకూడదనుకుని అటే చూశాడు. హారన్ భార్య స్టూలు మీంచి లేచింది.

"కూర్చో అన్నయ్యా. పొద్దున్నించీ నీ గురించే అడుగుతున్నారు."

హారన్ కళ్ళు తెరిచాడు. గొంతు గుసగుసలా వచ్చింది. ఆ గొంతు అంత చిన్నగా వినడం మేస్త్రికి ఇదే మొదటిసారి.

"వచ్చావా. నువ్వు తిండి మానేసి కూర్చుంటావని ఈవిడతో అన్నాను. మనసులో పెట్టుకోకు మేస్త్రీ. గేట్లో చీటీ చూశాను, నీ సంతకం ఉంది. నా కడుపులో బెంగ అక్కడే పోయింది. నువ్వు చూశాక కూడా పట్టలేదంటే, ఇంక అది ఎవరికీ కనపడని లోపం. నీ తప్పేముంది?"

భార్య తలూపింది. "అదే నేనూ అన్నాను అన్నయ్యా."

"రేపు పదింటికి విచారణకి ఆఫీసరొస్తున్నాడట," అంటూ మేస్త్రి జేబులోంచి కాగితం తీసి హారన్ చేతికిచ్చాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలీదు. నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుందనుకున్నాడేమో. హారన్ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. అతివేగం దగ్గర ఆగాడు. కోపం వస్తుందని మేస్త్రి ఎదురుచూశాడు. హారన్ చిన్నగా నవ్వాడు.

"ఇరవై ఏళ్ళుగా నా వెనక సైకిళ్ళు కూడా బెల్లు కొట్టేవి. నాకు అతివేగమట." మళ్ళీ కాగితం పైభాగానికి వచ్చాడు. "స్వయంగా తనిఖీ చేసి... ఇదొక్కటే నిజం రాశారు."

"చూడలేదు," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"నేను చూడలేదు. గుమస్తా చీటీ తెచ్చాడు. అక్షరాలు రాస్తున్నాను. లేవలేదు. ఎడం చేత్తో సంతకం పెట్టేశాను."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. బయట వరండాలో చక్రాల బల్ల ఒకటి కిర్రుమంటూ వెళ్ళింది. హారన్ అతని వంకే చూశాడు. ఆ చూపులో కోపం కన్నా ముందు వెతుకులాట ఉంది, ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేనట్టు.

"ఏ అక్షరాలు?"

"బొమ్మ తలుపు మీద."

హారన్ భార్య చేతిలో నీళ్ళగ్లాసు ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టి, మేస్త్రికీ మంచానికీ మధ్యకి వచ్చి నిలబడింది.

మేస్త్రి లేచి స్టూలు వెనక్కి జరిపాడు. ఇంక వెళ్ళిపోవాలనుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు హారన్, భార్య వెనక నుంచి. "నువ్వు పక్కకి జరుగు. నాకు కనపడట్లేదు."

ఆవిడ జరగలేదు.

"జరుగు అన్నానా."

ఆవిడ అడుగు పక్కకి వేసింది. హారన్ టైపు కాగితాన్ని తిరగేశాడు. వెనక తెల్లగా ఉంది. దాన్ని మేస్త్రి వైపు చాపాడు.

"పెన్నుందా?"

"ఉంది."

"కూర్చుని రాయి. నేను చెబుతాను. నీకు కాగితాలు రాయడం రాదు, లైనింగుకి కూడా మూడుసార్లు రాసి తెచ్చుకోలేకపోయావు."

మేస్త్రి మంచం అంచున కాగితం పెట్టాడు. హారన్ కళ్ళు మూసుకుని, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"డ్రైవరు బ్రేకు సంగతి ముందే చెప్పాడు. రాశావా? నేను మూడుసార్లు చీటీ పంపాను. సామాను రాలేదు. శుక్రవారం బండి చూడలేదు. చూడకుండానే సంతకం పెట్టాను."

మేస్త్రి రాసి, పెన్ను ఆపాడు. "చూడకుండా అంటే చాలదు," అన్నాడు. "ఎందుకు చూడలేదో కూడా ఉండాలి."

హారన్ కళ్ళు తెరిచాడు. "అది నీ ఇష్టం."

'యజమాని బొమ్మ లారీకి రంగులు వేసే పనిలో ఉండి' అని మేస్త్రి ఆ వాక్యం ముందు ఇరికించి రాశాడు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా పడ్డాయి. కింద సంతకం పెట్టాడు, కుడిచేత్తో.

"సాక్షి ఒకరుండాలి," అని హారన్ తన భార్యకి పెన్ను ఇప్పించాడు. ఆవిడ మొత్తం చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది. తర్వాత ఒక మూలకి తన పేరు కూడబలుక్కుంటూ రాసింది.

"నిన్ను క్షమించాననుకోకు మేస్త్రీ," అన్నాడు హారన్.

"అనుకోవట్లేదు."

"రేపు పదింటికి ఆఫీసరుకి ఇచ్చెయ్యి. ఇంకెవరికీ ముందు చూపించకు."

కాగితం పదింటికి ఆఫీసరు చేతికి చేరింది. ఆయన ముందు వైపు చదివి, వెనక్కి తిప్పి చదివి, "ఇది నీ మీద నువ్వే రాసుకున్నట్టుంది, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాడు మేస్త్రి. మధ్యాహ్నం రెండింటికల్లా గేటు కాపలావాడు అతన్ని లోపలికి పంపకూడదన్నారని చెప్పలేక చెప్పాడు. చిన్నసారు బయటికి రాలేదు. విచారణ నెలలు పట్టింది. ఆఖరికి అతివేగమన్న మాట కొట్టేశారు. తప్పు మేస్త్రిదీ కంపెనీదీ అని తేల్చారు.

ఆ నెలల్లో మేస్త్రి రోజూ నాలుగింటికి వెళ్ళేవాడు, ముందు ఆసుపత్రికి, తర్వాత హారన్ ఇంటికి. చంకకర్రల కింద రబ్బరు బిళ్ళలు మార్చాడు. హారన్‌ని లేవదీసి గుమ్మం దాకా నడిపించేవాడు. హారన్ అవసరమైనంతే మాట్లాడేవాడు. గొంతు కొంత తిరిగొచ్చింది.

తలుపు తీసేది మాత్రం హారన్ భార్యే. "వచ్చారా మేస్త్రిగారూ," అని, తను కూర్చున్న స్టూలు అతనికి వదిలేసి వంటగదిలోకి వెళ్ళిపోయేది. అతను ఆ స్టూలు మీద ఏనాడూ కూర్చోలేదు.